లైట్ సేబర్ బరువెంత? కాటా మీద పెడితే మైనస్ చూపిస్తుంది

మా అక్క కొడుక్కి పుట్టినరోజుకి ఒక ప్లాస్టిక్ లైట్ సేబర్ కొనిచ్చా, అదే, స్టార్ వార్స్ సినిమాల్లో వెలుతురే బ్లేడుగా ఉండే కత్తి. రెండ్రోజులు ఇంట్లో కర్టెన్లూ దిండ్లూ అన్నీ నరికేసి మూడోరోజు వచ్చి అడిగాడు, మామయ్యా నిజంది అయితే ఎంత బరువుంటుంది అని. వెలుతురే కదరా, బరువేముంటుంది అన్నా. మరి సినిమాలో వాళ్ళు రెండు చేతుల్తో ఎందుకు పట్టుకుంటారు అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

వాడు అడిగింది కరెక్టే. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ తీస్తున్నప్పుడు డైరెక్టర్ జార్జ్ లూకాస్ కూడా ఇది చాలా బరువైన కత్తి, రెండు చేతుల్తోనే పట్టుకోవాలి అని చెప్పాడట, హీరో మార్క్ హామిల్ తర్వాత ఈ మాట చెప్పాడు. సెట్లో హామిల్ పట్టుకున్నదేమో గ్రాఫ్లెక్స్ అనే పాత కెమెరా ఫ్లాష్ హ్యాండిల్!

సరే, లెక్కేద్దాం. బ్లేడు మీటరు పొడవు, 3 సెంటీమీటర్ల మందం అనుకుందాం, అంటే లోపల సుమారు 0.7 లీటర్ల జాగా. అది నిజంగా కాంతే అయితే కాంతి కణానికి సొంత బరువు లేదు, కానీ కాంతిని ఒకచోట బంధిస్తే ఆ ఎనర్జీకి ఐన్‌స్టీన్ E = mc² సూత్రం ప్రకారం కొంచెం బరువొస్తుంది, ఆ కొంచెం ఎంతో కింద చెప్తా, నవ్వొస్తుంది. పైగా రెండు టార్చిలైట్లు ఎదురెదురుగా వేస్తే వెలుతుర్లు ఠంగుమని కొట్టుకోవు కదా, ఒకదాన్లోంచి ఒకటి వెళ్ళిపోతాయి. అందుకే ఫ్యాన్స్ అంతా అది ప్లాస్మా అంటారు, అంటే ఎలక్ట్రాన్లు ఊడిపోయేంతగా కాగిన గ్యాసు, వెల్డింగ్ ఆర్క్‌లో కనిపించేది అదే.

మామూలు గాలి 0.7 లీటర్లయితే 0.85 గ్రాము ఉంటుంది. దాన్నే 12,000 డిగ్రీలకి వేడిచేస్తే, ప్రెజర్ బయటున్నంతే ఉంటే, వ్యాకోచించి 40 వంతుల్లో ఒక వంతుకి పడిపోతుంది, అంటే మహా అయితే 0.02 గ్రాము. అసలు తమాషా ఇక్కడుంది. ఆ బ్లేడు చుట్టూ ఉన్న గాలి దానికంటే బరువు కాబట్టి హాట్ ఎయిర్ బెలూన్‌ని లేపినట్టు దాన్ని పైకి లేపుతుంది, కత్తి ఆన్ చేసి కాటా మీద పెడితే ఆఫ్‌లో ఉన్నప్పటి కంటే 0.8 గ్రాము తక్కువ చూపిస్తుంది, అంటే బ్లేడు వరకు లెక్కేస్తే మైనస్! ఆన్ చేస్తే తేలికయ్యే ఆయుధం ఇదొక్కటేనేమో.

మరి బరువెక్కడికి పోయింది అంటే, హ్యాండిల్లోకి. సినిమాలో ఇనుప తలుపులు కోస్తారు కదా. 30 సెంటీమీటర్ల మందం ఉక్కు తలుపులో మీటరు వెడల్పు గుండ్రటి కన్నం, 3 సెంటీమీటర్ల గాటుతో కోయాలంటే 220 కిలోల దాకా ఉక్కు కరగాలి, దానికి సుమారు 75 యూనిట్ల కరెంటు కావాలి. మీటర్ రీడింగ్ వాళ్ళు రాసుకుపోయే ఆ యూనిట్లే. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ 3 యూనిట్లనుకుంటే 25 స్కూటర్ల బ్యాటరీలు, ఇప్పటి లిథియం సెల్స్ కిలోకి పావు యూనిట్ లెక్కన 300 కిలోలు. పోనీ నిమిషంలో కోసెయ్యాలంటే ఒక ఎలక్ట్రిక్ రైలింజను పవరంతా పిడికిట్లో ఉండాలి. ఇందాక చెప్తానన్నాగా, ఆ 75 యూనిట్లు మొత్తం కాంతిగా మార్చి బ్లేడులో బంధిస్తే దాని బరువు గ్రాములో 10 లక్షల వంతులు చేస్తే అందులో 3 వంతులు.

ఇక ప్లాస్మాని ఆకారంలో పట్టి ఉంచడం. ఫ్రాన్స్‌లో ఐటర్ అని ఫ్యూజన్ మెషీన్ కడుతున్నారు, అంటే ప్లాస్మాని అయస్కాంతాలతో పట్టి ఉంచి, అందులో పరమాణు కేంద్రకాల్ని కలిపి ఎనర్జీ తీసేది, దాని బయటి పాత్ర, క్రయోస్టాట్ అంటారు, 3,800 టన్నుల పైచిలుకు, అది మన దేశమే గుజరాత్‌లోని హజీరాలో తయారుచేసి పంపింది. మెషీన్ మొత్తం 23,000 టన్నులు. ఇంత ఇనుమూ అయస్కాంతాలూ పెట్టి లోపల పట్టుకోబోయే ప్లాస్మా 840 ఘనపు మీటర్లు, బరువు చూస్తే ఒక గ్రాము కూడా ఉండదు. ప్లాస్మాకి పెద్దగా బరువుండదు, దాన్ని పట్టుకునేదానికే అంతా.

సరే, ఏదో అద్భుతమైన బ్యాటరీ కనిపెట్టారు, హ్యాండిల్ కిలోనే అనుకుందాం. అప్పుడు తిప్పడం ఎలా ఉంటుంది? నిజం కత్తులు కూడా మనం అనుకునేంత బరువుండవు, యూరప్ పొడుగు కత్తులు చాలావరకు ఒకటి, ఒకటిన్నర కిలోలే, సినిమాలో హీరో తీస్తే భూమి దద్దరిల్లేది సౌండ్ ఇంజనీర్ పుణ్యం. తిప్పేటప్పుడు తెలిసేది బరువు ఎంత అని కాదు, ఎక్కడుంది అని. క్రికెట్ బ్యాట్ తిరగేసి వెడల్పు వైపు పట్టుకుని ఊపి చూడండి, అదే బ్యాటు సగానికి సగం తేలికైపోయినట్టు ఉంటుంది. మీటరు కడ్డీ కిలో బరువున్నది చివర పట్టుకుని తిప్పడానికీ, అదే కిలో మొత్తం 28 సెంటీమీటర్ల హ్యాండిల్లో ఉంటే మధ్యలో పట్టుకుని తిప్పడానికీ 50 రెట్లు తేడా. మణికట్టు ఇలా అంటే చాలు కత్తి అలా వెళ్ళిపోతుంది. ఆపడం కూడా అంతే సులువు. రెండు చేతులెందుకు మరి?

దీనికి ఫ్యాన్స్ దగ్గర ఒక జవాబుంది, లోపల ప్లాస్మా గిర్రున తిరుగుతుంది కాబట్టి బొంగరంలా దిశ మార్చడానికి ఒప్పుకోదు, అదే బరువులా అనిపిస్తుంది అని. ఐడియా బాగుంది, తిరిగే సైకిల్ చక్రాన్ని ఇరుసు పట్టుకుని పక్కకి వంచితే చేతికి తెలుస్తుంది. కానీ మన దగ్గరున్నది 0.02 గ్రాము. దాన్తో చేతికి గట్టిగా తెలిసేంత ఎదురు రావాలంటే, ఒక న్యూటన్ మీటర్ అనుకోండి (మీటరు కర్ర చివర 100 గ్రాములు వేలాడదీస్తే చేతిని వంచే బలమంత), ఆ ప్లాస్మా సెకనుకి 330 కిలోమీటర్ల స్పీడుతో తిరగాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ సెకను లోపే. అంత స్పీడులో అది కత్తిలా ఉండదు, పేలుతుంది.

నాకైతే అసలు డేంజర్ ఆ తేలికలోనే ఉందనిపిస్తుంది. అమెరికాలో కనెక్టికట్ యూనివర్సిటీలో మైకేల్ టర్వే అనే సైకాలజిస్టు బృందం దీని మీద చాలా ప్రయోగాలు చేసింది, జనానికి కనపడకుండా చేతిలో కర్ర పెట్టి ఊపమంటే, చూడకుండానే అది ఎంత పొడవో బాగానే చెప్పేస్తారు. ఎందుకంటే ఊపినప్పుడు ఆ కర్ర తిరగడానికి ఎంత మొరాయిస్తుందో దాన్ని బట్టి కండరాలు పొడవు లెక్కేస్తాయి. కర్రసాము చేసేవాళ్ళు వెనక్కి చూడకుండా తిప్పుతారు చూడండి, కర్ర చివర ఎక్కడుందో చెయ్యే చెప్తుంది. లైట్ సేబర్‌లో ఆ కబురు రాదు. చేతికి మటుకు అదొక జానెడు పైపు ముక్క, మిగతా మీటరు ఉన్నట్టే తెలియదు, ఆ తెలియని మీటరేమో దేన్నైనా కోసేస్తుంది, మన మోకాలితో సహా.

మా వాడితో చిన్న ప్రయోగం చేయించా. కళ్ళు మూసుకుని చీపురుకట్ట కర్రతో గోడమీది స్విచ్‌బోర్డు తాకమన్నా, రెండోసారికే తాకాడు. తర్వాత లేజర్ పాయింటర్ ఇచ్చి కళ్ళు మూసుకునే చుక్క అదే బోర్డు మీద పెట్టమన్నా. పెట్టా అన్నాడు. కళ్ళు తెరిస్తే చుక్క ఫ్రిజ్ మీదుంది.