పదిహేను లక్షల మంది, ఒకే కేసు: వాల్‌మార్ట్ తీర్పు వెనక కథ

పెద్ద రిటైల్ కంపెనీలో గంటకు కొన్ని సెంట్లు తక్కువ ఇచ్చారని ఏ ఉద్యోగీ సొంతంగా లాయర్‌ని పెట్టుకుని కోర్టుకెళ్లలేరు. అయ్యే ఖర్చు ముందు వచ్చే డబ్బు ఏ మూలకూ చాలదు. అందుకే అమెరికాలో అందరి తరఫునా కొద్దిమంది వేసే క్లాస్ యాక్షన్ దావాలకు అంత విలువ. ఫెడరల్ కోర్టుల సివిల్ నియమాల్లో 23వదాన్ని 1966లో తిరగరాశాక ఈ దావాలకు ఇప్పటి రూపం వచ్చింది. ఆ నియమం ఎంత బరువు మోయగలదో తేల్చిన కేసు వాల్‌మార్ట్ ఉద్యోగినులది.

బెటీ డ్యూక్స్ 1994లో కాలిఫోర్నియాలోని పిట్స్‌బర్గ్ వాల్‌మార్ట్‌లో క్యాషియర్‌గా చేరారు. కస్టమర్ సర్వీస్ మేనేజర్ దాకా ఎదిగారు. తర్వాత క్రమశిక్షణ పేరుతో ఆమెను మళ్లీ క్యాషియర్‌ని చేశారు, ఆపైన గుమ్మం దగ్గర కస్టమర్లను పలకరించే గ్రీటర్‌గా దించారు. నిబంధన తప్పిన మాట నిజమేనని ఆమె ఒప్పుకున్నారు. కానీ అదే తప్పు చేసిన మగవాళ్ల మీద చర్య ఎందుకు లేదని అడిగారు. ఆ స్టోరులోనే ఇద్దరు మగ గ్రీటర్లకు తనకంటే ఎక్కువ జీతం వస్తోందన్నారు. 2001లో ఆమె, మరికొందరు ఉద్యోగినులు ఫెడరల్ కోర్టుకెక్కారు. అప్పట్లో వాల్‌మార్ట్‌లో గంటల లెక్కన పనిచేసేవాళ్లలో 70 శాతం ఆడవాళ్లే అయినా, మేనేజర్లలో మాత్రం 33 శాతమే. 2004లో కోర్టు దీన్ని క్లాస్ యాక్షన్‌గా అనుమతించింది. దాంతో దాదాపు 15 లక్షల మంది తరఫు కేసు అయింది.

2011 జూన్ 20న సుప్రీంకోర్టు ఆ అనుమతిని రద్దు చేసింది. వివక్ష జరిగిందా లేదా అన్న ప్రశ్న జోలికి కోర్టు వెళ్లలేదని చాలామందికి తెలియదు. దాదాపు 3,400 స్టోర్లలో జీతాలూ ప్రమోషన్లూ స్థానిక మేనేజర్ల ఇష్టమే కాబట్టి, ఇన్ని నిర్ణయాలనూ కలిపి ఉంచేది ఏదని మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా అడిగారు. వాళ్లు ఎంచుకున్నది ప్రధానంగా అందరికీ వర్తించే ఒకే ఆదేశం కోరే రకం క్లాస్ యాక్షన్ కాబట్టి, పాత జీతం బకాయిలను అందులో అడగకూడదని తొమ్మిది మంది జడ్జీలూ ఒప్పుకున్నారు. అసలు అందరినీ కలిపే ప్రశ్నే లేదన్న దగ్గర మాత్రం 5-4గా చీలారు. మేనేజర్లకు అలా పగ్గాలు వదిలేయడమే కంపెనీ విధానం, దాన్నే ప్రశ్నించవచ్చు కదా అన్నది విభేదించిన జస్టిస్ గిన్స్‌బర్గ్ వాదన. నాకు ఆ మాటే న్యాయంగా అనిపిస్తుంది. ఎవరూ కాగితం మీద పెట్టని వివక్షకు ఒకే ఆధారం చూపించమనడం ఆడవాళ్ల మీద మోయలేని భారం.

అదే కంపెనీ పెన్సిల్వేనియాలో ఓడిపోయింది. విరామం ఇవ్వకుండా, డ్యూటీ టైమ్ దాటాక కూడా జీతం లేకుండా పనిచేయించారని ఉద్యోగులు కేసు వేస్తే, 2006లో ఫిలడెల్ఫియా జ్యూరీ వాళ్ల వైపే తీర్పిచ్చింది. 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అక్కడ అందరినీ కలిపిన ఆధారం కంపెనీ సొంత రికార్డులే. ఎవరు ఎప్పుడు కార్డు స్వైప్ చేశారో అందులో నిమిషాలతో సహా ఉంది.

డ్యూక్స్ బృందం ఒక్క కాలిఫోర్నియా వరకే కుదించుకుని మళ్లీ ప్రయత్నించినా, 2013లో అదీ కుదరలేదు. ఆమె 2017లో చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మరో 5-4 తీర్పులో, వివాదమేదైనా ఒక్కొక్కరూ విడిగా ఆర్బిట్రేషన్‌లోనే, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని ఉద్యోగ ఒప్పందంలో రాయించుకుంటే అది చెల్లుతుందని చెప్పింది. అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టిన ఉద్యోగికి, క్లాస్‌గా గుర్తించమని కోర్టును అడిగే అవకాశం కూడా దాదాపు ఉండదు.