గుండెలో గడ్డ: రక్తానిదా, కణితా?

"గుండెలో ఏదో గడ్డ కనిపిస్తోంది" అని ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీసిన డాక్టర్ అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. మన భాషలో గడ్డకట్టిన రక్తమూ గడ్డే, కణితీ గడ్డే. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. రక్తపు గడ్డకు చాలావరకు రక్తాన్ని పలచబరిచే మందులు ఇస్తారు. కణితి అయితే తరచూ ఛాతీ తెరవాల్సి వస్తుంది.

ఒంట్లో వేరేచోట అయితే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. గుండె ఎడమ గదుల్లో ఆ పని చేస్తే తునక ఊడి, రక్తంతో మెదడుకు చేరి పక్షవాతం తెచ్చే ప్రమాదం ఉంది. అందుకే ముందు ఎంఆర్‌ఐ.

క్షణం ఆగని అవయవాన్ని ఫొటో తీయడం మామూలు విషయం కాదు. ఛాతీకి ఈసీజీ తీగలు అతికించి, ప్రతి గుండె చప్పుడులో ఒకే దశ దగ్గర కొంచెం కొంచెం సమాచారం సేకరించి, అన్నీ కలిపి ఒక్క చిత్రం కూరుస్తారు. "ఊపిరి బిగపట్టండి" అని మాటిమాటికీ చెప్పేది అందుకే.

అసలు గుట్టు విప్పేది గెడోలినియం మందు. బతికి ఎదిగే కణితికి రక్తం అందాలి, కాబట్టి దానిలో రక్తనాళాలుంటాయి. చేతి నరంలోకి ఎక్కించిన మందు వాటి గుండా లోపలికి చేరి, కణితి చిత్రంలో తెల్లగా వెలుగుతుంది. రక్తపు గడ్డలోకి ఆ దారి లేదు, నల్లగానే ఉండిపోతుంది. బాగా పాతబడిన గడ్డ అంచులు కాస్త వెలిగి తికమకపెట్టడమూ ఉంది. కొవ్వు కణితిని పట్టుకోవడం ఇంకా తేలిక: కొవ్వు సంకేతాన్ని అణచి మళ్లీ తీస్తే తెల్లటి ముద్ద నల్లబడుతుంది.

పెద్దవాళ్లలో గుండెలోనే పుట్టే కణితుల్లో బాగా తెలిసినది మిక్సోమా. ఎక్కువగా ఎడమ కర్ణికలో (పై గదిలో), సన్నటి కాడతో గోడకు వేలాడుతుంది. ఎంఆర్‌ఐ వీడియోలో అది కవాటం దాటి జఠరికలోకి (కింది గదిలోకి) జారి మళ్లీ వెనక్కి రావడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఒకప్పుడు ఇవి చాలావరకు శవపరీక్షలోనే బయటపడేవి. 1954లో స్వీడన్‌లో సర్జన్ క్లారెన్స్ క్రాఫోర్డ్ హార్ట్-లంగ్ మెషీన్ (ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) సాయంతో మిక్సోమాను విజయవంతంగా తీశారు.

కవాటాలపై రెపరెపలాడే చిన్న కణితులు మాత్రం ఎంఆర్‌ఐకి చిక్కకపోవచ్చు. అక్కడ ఎకోనే మేలు. ఏ రకం కణితి అన్నది చివరికి ఖాయంగా తేల్చేది మైక్రోస్కోపే.

పసిపిల్లల్లో ఎక్కువగా కనిపించే రాబ్డోమయోమా అనే గుండె కణితి సంగతి వేరు. చాలామందిలో అది వయసుతో తనంతట తానే కుంచించుకుపోతుంది. రక్తప్రవాహానికి అడ్డు రాకుండా, గుండె లయ చెడకుండా ఉంటే కత్తి పట్టరు, అప్పుడప్పుడు ఎకో తీస్తూ గమనిస్తారు.