స్టేజ్ వన్ చేయించే ముందు టైర్ మీద తేదీ చూడండి: హాట్ హ్యాచ్ అపోహలు - వాస్తవాలు

మొన్నొక తమ్ముడు హాట్ హ్యాచ్ (ఎక్కువ పవర్ ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు) తీసుకుని వచ్చాడు, మా షెడ్డులో బండి ఆపీ ఆపకముందే ఫోన్ తీసి లిస్ట్ చూపించాడు. ఎయిర్ ఇన్‌టేక్, సైలెన్సర్, స్టేజ్ వన్ మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం), లోయరింగ్ స్ప్రింగులు (బండిని కిందికి దించేవి), 18 ఇంచుల అలాయ్స్. "అన్నా, అందరూ ఇదే వరసలో చేయించమంటున్నారు, నా దగ్గర డబ్బు తక్కువ, నెలకొకటి చొప్పున చేసుకుంటూ పోదాం" అన్నాడు. సరే అని ముందు చక్రం పక్కన కూర్చుని టైర్ సైడ్‌వాల్ మీద తేదీ అంకెలు నాలుగూ చూశా (మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం), ఆ టైర్లకి ఏడేళ్లు నిండాయి. గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి, చూపుకి బానే ఉంది, గోరు పెట్టి నొక్కితే మాత్రం చెక్క మీద నొక్కినట్టే ఉంది. ఇలాంటి లిస్టు వారానికి రెండు మూడు చూస్తాను, వస్తువుల పేర్లు మారతాయి గానీ వరస మారదు, టైర్ అన్న మాట మాత్రం ఏ లిస్టులోనూ కనపడదు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నా.

అపోహ: ముందు పవర్ పెంచుకోవాలి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు

జనం డబ్బు ఎక్కువగా పోయేది దీని దగ్గరే, కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తా. అందుబాటు ధరలో దొరికే హాట్ హ్యాచ్‌లు దాదాపు అన్నీ ఫ్రంట్ వీల్ డ్రైవే. బండిని లాగేది ముందు చక్రాలే, తిప్పేదీ అవే, బ్రేక్ కొడితే ఎక్కువ బరువు వచ్చి పడేదీ వాటి మీదే. ఒక్కో టైర్ రోడ్డుకి ఆనే చోటు మన అరచేయంత. ఆ కాస్త రబ్బరుకి ఉన్న పట్టునే ఈ పనులన్నిటికీ పంచుకోవాలి, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కితే లాగడానికి ఎంత ఖర్చయిందో తిరగడానికి అంత తగ్గుతుంది, బండి మలుపు వదిలేసి బయటికి జరుగుతుంది.

ఇప్పుడు ఆ ఏడేళ్ల టైర్ల మీద ఇంకో 30 హార్స్‌పవర్ వేశారనుకోండి. సెకండ్ గేర్‌లో చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, స్టీరింగ్ పక్కకి గుంజుతుంది, డ్యాష్‌బోర్డులో ట్రాక్షన్ కంట్రోల్ లైట్ కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ లైట్ కొట్టుకుంటోందంటే చక్రం జారుతోందని చూసి కంప్యూటర్ పవర్ కోసేస్తోందన్నమాట, మీరు డబ్బు పెట్టి తెచ్చుకున్న పవర్ రోడ్డు దాకా చేరట్లేదు. వానలో అయితే ఇంకా ఘోరం. అసలు ఈ రకం బండ్లలో సరదా ఎప్పుడూ పవర్ ఒక్కదాంతో రాలేదు, 1976లో అమ్మకానికొచ్చిన మొదటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐకి ఉన్నది 110 హార్స్‌పవరే, బండి బరువు 800 కిలోల చిల్లర. తక్కువ బరువు, మంచి పట్టు, చేతికి కబురు చెప్పే స్టీరింగ్, వీటి కోసమే కదా మనం ఈ బండ్లు కొనేది.

ఆ తమ్ముడికి ఒకటే చెప్పా, మొదటి నెల డబ్బుతో మంచి సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైర్లు నాలుగూ ఒకే రకం, కంపెనీ సైజులోనే వేద్దాం, అలైన్‌మెంట్ సరిగ్గా చేద్దాం, మిగతాది తర్వాత మాట్లాడదాం అని. ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. అలైన్‌మెంట్ మెషిన్ మీద పెడితే ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) రెండు వైపులా బయటికి పోయి ఉంది, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ ఒకటి కూడా వదులైంది, అదీ మార్చాం. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి "అన్నా, సస్పెన్షన్ కూడా ఏమైనా చేశావా?" అని అడిగాడు. సస్పెన్షన్ నేను ముట్టుకోలేదు. గట్టిపడిపోయిన రబ్బరు పోయి మెత్తటి రబ్బరు వచ్చింది, చక్రాలు చూడాల్సిన వైపు చూస్తున్నాయి, అంతే.

అపోహ: పెద్ద బ్రేక్ కిట్ వేస్తే బండి తొందరగా ఆగుతుంది

మీ బండిలో గట్టిగా బ్రేక్ తొక్కితే ఏబీఎస్ (చక్రం లాక్ అవ్వకుండా చూసే వ్యవస్థ) కొట్టుకుంటోందా? కొట్టుకుంటోందంటే చక్రాన్ని లాక్ చేసేంత బలం మీ బ్రేకులకి ఇప్పటికే ఉందని అర్థం, అక్కడి నుంచి బండిని ఆపేది టైరే. ఒక్కసారి ఆపడానికి పెద్ద డిస్క్ వల్ల ఒరిగేదేమీ లేదు. పెద్ద డిస్క్ పనికొచ్చేది వేడి దగ్గర, మళ్ళీ మళ్ళీ ఎక్కువ స్పీడు నుంచి ఆపుతూ ఉంటే ఆ వేడిని దాచుకోవడానికి, వదలడానికి. 60లో ఉన్న బండి కన్నా 100లో ఉన్న బండిలో శక్తి దాదాపు 2.8 రెట్లు, ఆపిన ప్రతిసారీ అదంతా వేడిగా మారి డిస్కుల్లోకే పోవాలి. కాబట్టి ట్రాక్ మీద తిప్పేవాళ్లకి పెద్ద డిస్క్ మాట నిజమే, మామూలు రోడ్డు మీద తిరిగేవాళ్లకి ముందు చేయాల్సింది ఇంకోటుంది.

అదే బ్రేక్ ఆయిల్. ఇది నా సొంత అనుభవం. నా మొదటి బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ప్యాడ్లు కొత్తవి, డిస్కులు బాగున్నాయి, ఘాట్ రోడ్డు దిగుతుంటే ఏడెనిమిది మలుపులయ్యాక పెడల్ మెత్తబడిపోయింది, ఇంకో మలుపుకి నేల దాకా దిగిపోయింది. గేర్లు తగ్గించుకుంటూ హ్యాండ్ బ్రేక్ లాగి ఎలాగో పక్కన ఆపా, చేతులు వణుకుతున్నాయి. చల్లారాక పెడల్ మళ్ళీ గట్టిగానే వచ్చింది, అదే భయంకరమైన విషయం, ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇంటికొచ్చి క్యాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) నిపుల్ వదులు చేసి సన్న పైపు పెట్టి తీస్తే నల్లటి ఆయిల్ వచ్చింది, పాత ఓనర్ ఎన్నేళ్లుగా మార్చలేదో.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే గ్రేడ్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ లెక్క 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి, ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది, మీ కాలి బలం ప్యాడ్ దాకా చేరదు. రెండేళ్లకోసారి మార్చండి. డాట్ 5.1 అయితే ఈ అంకెలు 260, 180, ఇది డాట్ 4 బదులు వాడొచ్చు. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 మాత్రం పోయకండి, అది సిలికాన్ ఆయిల్, ఏబీఎస్ ఉన్న మన బండ్లకి పనికిరాదు. ఆయిల్ తర్వాత కాస్త మెరుగైన రోడ్ ప్యాడ్లు వేసుకోండి. రేస్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు పట్టవు, పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి మొదటి మలుపులో బ్రేక్ తొక్కితే మీకే తెలుస్తుంది, రోడ్డు బండికి వద్దు.

అపోహ: స్టేజ్ వన్ చేస్తే ఇంజన్ పోతుంది / స్టేజ్ వన్‌తో ఏమీ కాదు

రెండూ వింటాను, రెండూ తప్పే. ముందు మీ ఇంజన్ టర్బోనా (గాలిని నొక్కి లోపలికి పంపేది) కాదా చూసుకోండి. టర్బో లేని ఇంజన్‌కి మ్యాప్ ఒక్కటే చేస్తే వచ్చేది చాలా స్వల్పం, ఆ డబ్బు వేరేదానికి పెట్టుకోండి. టర్బో అయితే నిజంగానే పెరుగుతుంది, కంపెనీ కొంత వెసులుబాటు వదిలి ఉంచుతుంది కాబట్టి 20 శాతం అటూఇటూ పెద్ద వింతేమీ కాదు. సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్ 1.4 టర్బో చూడండి, టన్ను లోపు బరువు, 140 హార్స్‌పవర్, 230 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం). అలాంటి తేలిక బండికి మంచి మ్యాప్ పడితే తేడా ఖాయంగా తెలుస్తుంది.

కానీ మ్యాప్ చేయించే ముందు క్లచ్ చూసుకోండి. టాప్ గేర్‌లో 2000 ఆర్‌పీఎం దగ్గర, ఖాళీ రోడ్డు మీద ఫుల్ తొక్కండి, ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి స్పీడు మాత్రం అంతే ఉంటే క్లచ్ ప్లేట్ జారుతోంది, ఇంకా టార్క్ పెంచితే నెల కూడా ఉండదు. ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే చాలు, రోజూ అలా తొక్కకండి, ఎందుకంటే చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేర్‌లో ఫుల్ తొక్కితే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది, దాంతో పిస్టన్ పగిలిన ఇంజన్లు ఉన్నాయి. మ్యాప్ చేశాక తక్కువ ఆర్‌పీఎంలో వచ్చే ఆ టార్కే కదా పెరిగేది, ఆ ప్రమాదం కూడా దాంతోపాటే పెరుగుతుంది. గేర్ తగ్గించి తొక్కండి. ఇంజన్ ఆయిల్ ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ వాడండి, 2020లో వచ్చిన ఆ గ్రేడ్‌లో ఈ సమస్యకి పరీక్ష కూడా ఉంది. ఆయిల్ ఎప్పటికన్నా తొందరగా మార్చండి, ప్లగ్గులు కొత్తవి వేయండి, మ్యాప్ ఏ ఆక్టేన్‌కి రాశారో ఆ పెట్రోలే పోయండి.

ఇప్పటికే చేయించేసుకుని రాత్రుళ్లు నిద్రపట్టట్లేదని నాకు మెసేజ్ పెట్టేవాళ్లున్నారు. కంగారు పడకండి, పైన చెప్పినవి పాటిస్తూ ఒకసారి స్కానర్ పెట్టించి మిస్‌ఫైర్ కౌంట్ (మిశ్రమం సరిగ్గా మండని సార్లు), నాక్ రిటార్డ్ (నాకింగ్ వల్ల కంప్యూటర్ స్పార్క్‌ని ఎంత వెనక్కి జరిపిందో) చూపించుకోండి, రెండూ శుభ్రంగా ఉంటే హాయిగా తిప్పుకోండి.

మిగతావి గబగబా

ఓపెన్ ఎయిర్ ఫిల్టర్: బానెట్ కింద వేడి గాలే పీలుస్తుంది, గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 శాతం పలచబడుతుంది, శబ్దం పెరిగింది కాబట్టి పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది. ఫ్యాక్టరీ డబ్బాలోనే మంచి ఫిల్టర్ వేసుకోండి చాలు.

ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలన్న మాట: వద్దు. కావాల్సింది పొగ వేగంగా బయటికి పోవడం, పైపు మరీ లావైతే ఆ వేగం తగ్గి తక్కువ ఆర్‌పీఎంలో పికప్ పోతుంది, దాన్ని చూసి ఎవరో పుట్టించిన మాట అది.

గాల్లోకి వదిలే డంప్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బో ఒత్తిడిని వదిలేది): మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న బండికి వద్దే వద్దు, సెన్సర్ లెక్కపెట్టిన గాలిని బయటికి పంపేస్తే ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువవుతుంది.

పెద్ద అలాయ్స్: 195/55 ఆర్16, 205/40 ఆర్18 టైర్ సైజులు రెండూ ఎత్తు దాదాపు ఒకటే, 621 మిల్లీమీటర్లు. కానీ సైడ్‌వాల్ 107 నుంచి 82కి పడిపోయింది, గుంట తగిలితే రిమ్ముకే తగులుతుంది, పైగా చవక 18 ఇంచుల రిమ్ బరువెక్కువ. తేలిక రిమ్ దొరికితే ఒక ఇంచు పెంచుకోండి, అంతకు మించి వద్దు.

అపోహ: ఎంత కిందికి దించితే అంత హ్యాండ్లింగ్

కొంచెం దించితే, దానికి తగ్గ షాకబ్జర్లు కూడా వేస్తే బాగుంటుంది, కాదనను. కానీ ముందు చక్రాలకి మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జరూ ఒకటిగా ఉండే సస్పెన్షన్) ఉన్న బండిని మరీ దించితే కింది ఆర్మ్‌లు చక్రం వైపు పైకి లేస్తాయి, రోల్ సెంటర్ (మలుపులో బండి దేని చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు) బండి బరువు కేంద్రం కన్నా ఎక్కువ దిగిపోతుంది, అంటే బండిని ఒరగదోసే మీట ఇంకా పొడవవుతుంది. పైగా సస్పెన్షన్ కదలడానికి చోటు ఉండదు, మలుపులో చిన్న గతుకు తగిలినా బంప్ స్టాప్ (సస్పెన్షన్ చివర ఆపే రబ్బరు) మీద కూర్చుని ముందు చక్రం పట్టు వదిలేస్తుంది.

స్ప్రింగులు కోయించడం గురించి మాత్రం బతిమాలి చెప్తున్నా, చేయించకండి. గ్యాస్‌తో కోస్తే ఆ వేడికి స్టీల్ గుణమే పోతుంది, కోసిన చివర సీట్‌లో కూర్చోదు. ఇప్పటికే కోయించిన బండి మీ చేతికొస్తే జాక్ పెట్టి బాడీని లేపండి, చక్రం కిందికి వేలాడనివ్వండి, స్టాండ్లు పెట్టాక చెయ్యి లోపలికి పెట్టి స్ప్రింగ్‌ని పట్టుకుని తిప్పి చూడండి. వదులుగా తిరిగిందంటే, గతుకులో చక్రం కిందికి జారినప్పుడు అది సీట్‌లోంచి తప్పుకోవచ్చు. అలాంటి బండిని ఇంటికి కూడా నడపకండి, ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్లి ఒరిజినల్ స్ప్రింగులు జతగా వేయించండి.