పొయ్యి ఆర్పాక జరిగే సంగతి

అమెరికాలో ఉంటున్న ఒక పాఠకుడు ఈమధ్య జైలు వార్తేదో చదివి అడిగారు: "కౌంటీ జైల్లో ఒక్క రాత్రి భోజనంతో అంతమంది ఖైదీలకు ఒకేసారి కడుపు ఎలా పాడవుతుందండీ? బాగా ఉడికిన తిండే కదా, ఉడికితే క్రిములు చావవా?"

అన్నీ చావవు. ఈ విషయంలో బడి మనకు సగం పాఠమే చెప్పింది. కాచితే క్రిములు చస్తాయన్నారు, అక్కడితో ఆపేశారు. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా మట్టిలో, పశువుల పేగుల్లో ఉంటుంది. మాంసంతో పాటు వంటింట్లోకి వస్తుంది. పరిస్థితి బాగోలేనప్పుడు గట్టి కవచం కట్టుకుని స్పోరుగా మారి పడుకుంటుంది. కొన్ని రకాల స్పోర్లు గంటసేపు మరిగినా బతికే ఉంటాయి. పైగా మరిగించడం దానికి మేలే చేస్తుంది. పోటీకి వచ్చే మిగతా బాక్టీరియా చచ్చిపోతుంది. దానికి పడని ఆక్సిజన్ ఆవిరితో పాటు బయటికి పోతుంది. నిద్రలో ఉన్న స్పోరును ఆ వేడే లేపుతుంది. అంటే వంట చేస్తూ మనమే దానికి ఇల్లు ఊడ్చి, ముగ్గేసి పెడుతున్నాం.

ఇక అది కాపురం పెట్టేది కూర చల్లారేటప్పుడు. 45 డిగ్రీల దగ్గర, అన్నీ కలిసొస్తే, సుమారు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. గంటకు 64 రెట్లు. గ్రాము కూరలో ఒక్కటి ఉన్నా 3 గంటల 20 నిమిషాల్లో 10 లక్షలు దాటుతాయి. మనిషిని జబ్బు చేయడానికి ఆ మోతాదు చాలు. రుచి, వాసన ఏమీ మారకపోవచ్చు.

కాబట్టి అసలు ప్రశ్న, పాత్ర ఎంత త్వరగా చల్లారుతుందని. నాకు ఇది అర్థమైంది మా ఇంట్లో ఒక గృహప్రవేశం మర్నాడు. ముందురోజు మధ్యాహ్నం వండిన ముద్దపప్పు గుండిగలో సగానికి పైగా మిగిలింది. తెల్లారి చూస్తే పైన మీగడలా తొరక కట్టి చల్లగా ఉంది. గరిటె అడుగుదాకా దించి తిప్పితే ఆవిరి వచ్చింది. పదహారు గంటలైనా నడుమ భాగం చెయ్యి పెట్టలేనంత వేడి!

లెక్క చూడండి. తిండిలో ఎక్కువ భాగం నీరే. నీటిలో వేడి పాకే రేటు సెకనుకు 0.14 చదరపు మిల్లీమీటర్లు. నడుమ నుంచి అంచుకున్న దూరాన్ని వర్గం చేసి దీంతో భాగిస్తే చల్లారడానికి పట్టే సమయం ఉజ్జాయింపుగా వస్తుంది. 5 సెంటీమీటర్ల మందం ట్రే అయితే నడుమ నుంచి అంచుకు 25 మిల్లీమీటర్లు: సుమారు 75 నిమిషాలు. 20 సెంటీమీటర్ల మందమైతే 100 మిల్లీమీటర్లు: దాదాపు 20 గంటలు. మందం నాలుగు రెట్లయితే సమయం పదహారు రెట్లు. చారుకు ఈ బాధ తక్కువ. పలచగా ఉంటుంది కాబట్టి లోపలి వేడిది పైకి లేస్తుంది, చల్లనిది కిందికి దిగుతుంది. పప్పు, కీమా, చిక్కటి గ్రేవీ కదలవు. పెద్ద ఫ్రిజ్‌లో పెట్టినా నడిమధ్యకు చలి చేరడానికి ఆ సమయం పట్టాల్సిందే.

ఇప్పుడు జైలు వంటిల్లు. కౌంటీ జైలంటే మన సబ్‌జైలుకు దగ్గర. అందులో చాలామంది ఇంకా నేరం రుజువు కానివాళ్లే. వందలమందికి ముందే వండి, చల్లార్చి, మళ్లీ వేడి చేసి ట్రేల్లో పెట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది. 2008 ఆగస్టులో విస్కాన్సిన్‌లోని ఒక కౌంటీ జైల్లో రాత్రి భోజనానికి టర్కీ కోడి, బీఫ్ కీమాలతో కాసరోల్ (అన్నీ కలిపి ఓవెన్‌లో వండే వంటకం) పెట్టారు. అంతకుముందు మిగిలినవీ అందులో కలిపారు. తెల్లవారేసరికి ఖైదీలు కడుపునొప్పి, విరేచనాలతో అల్లాడారు. కారణం ఈ పెర్‌ఫ్రింజెన్సే. 1998 నుంచి 2014 వరకు అమెరికా జైళ్లలో ఇలా తిండివల్ల గుంపుగా జబ్బుపడ్డ ఘటనలు 200, బాధితులు 20,625 మంది. బయటివాళ్లతో పోలిస్తే ఖైదీలకు ఈ ముప్పు 6.4 రెట్లు. కారణం తేలినవాటిలో మొదటి స్థానం ఈ పెర్‌ఫ్రింజెన్స్‌దే.

మిగిలింది పారేయకూడదనే ఒత్తిడి ఎక్కడిదంటే, డబ్బుది. అలబామాలో ఒక్కో ఖైదీ తిండికి రాష్ట్రం రోజుకు 1.75 డాలర్లు ఇచ్చేది. అందులో మిగిల్చింది షెరిఫ్ (కౌంటీ జైలును నడిపే పోలీసు అధికారి) సొంతానికి ఉంచుకోవచ్చని అప్పటి చట్టం. 2009లో ఒక షెరిఫ్‌ను ఫెడరల్ జడ్జి ఆయన జైలు తిండి విషయంలోనే ఒక రాత్రి కటకటాల వెనక పెట్టించారు. మూడేళ్లలో ఆయన మిగుల్చుకున్నది 2 లక్షల డాలర్ల పైమాటే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మన పెళ్లిళ్లలో ఇలా జరిగితే దిష్టి తగిలిందంటారు. దిష్టి కాదు, గుండిగ లోతు.

మళ్లీ మరిగిస్తే సరిపోదా అంటే, ఈ బాక్టీరియా విషయంలో చాలావరకు సరిపోతుంది. దీని విషం ఎక్కువగా తయారయ్యేది కూరలో కాదు, మన పేగులో. బతికున్న బాక్టీరియా లక్షల్లో లోపలికి వెళ్లి, అక్కడ మళ్లీ స్పోరు కట్టుకునేటప్పుడు విషాన్ని వదులుతుంది. అందుకే తిన్న 6 నుంచి 24 గంటలకు గానీ నొప్పి మొదలవదు. కూర మొత్తం 74 డిగ్రీలు దాటేలా వేడి చేస్తే ఆ జీవాలు చస్తాయి. గోరువెచ్చగా చేసి వడ్డిస్తేనే ప్రమాదం. అన్నం సంగతి వేరు. బాసిల్లస్ సీరియస్ అనే మరో స్పోరుజీవి అన్నంలోనే విషం తయారుచేసి పెడుతుంది. అది ఎంత మరిగించినా పోదు.

అమెరికా ఆహార నియమావళి 57 డిగ్రీల నుంచి 21కి 2 గంటల్లో, అక్కడినుంచి 5కి మరో 4 గంటల్లో చల్లార్చమంటుంది. మొదటి గడువు తక్కువ ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు: 45 డిగ్రీలు ఆ మధ్యలోనే ఉంది. దానికి ఖరీదైన యంత్రం లేకపోయినా, లోతు తక్కువ ట్రేల్లోకి కూర పలచగా సర్దడం, ఐసు నింపిన ప్లాస్టిక్ తెడ్డుతో కలపడం చాలు. జైలు వంటిల్లు తనిఖీకి వెళ్లేవాళ్లు పొయ్యి మీద మరుగుతున్న పాత్ర దగ్గర ఆగిపోకూడదు. ఫ్రిజ్‌లో నిన్నటి కీమా ఉన్న పాత్ర మూత తీసి, థర్మామీటర్‌ను నడిమధ్యకు గుచ్చి చూడాలి.