పెద్ద కుటుంబం, తక్కువ బడ్జెట్, ఇంటి నిండా పిల్లలు: అపోహలు – వాస్తవాలు

నేను తెలంగాణలోని ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా సెంటర్‌కు వచ్చే పిల్లల్లో చాలామందివి ఉమ్మడి కుటుంబాలు. అవ్వ, తాత, ఇద్దరు ముగ్గురు కొడుకులు, కోడళ్లు, ఐదారుగురు పిల్లలు, అందరికీ ఒకటే పొయ్యి. నెలనెలా పిల్లల బరువు చూసి గ్రోత్ చార్ట్‌లో గుర్తు పెడతాం. బరువు పెరగని పిల్లల తల్లులతో కూర్చుని మాట్లాడితే మొదట వచ్చే మాట ఒకటే: "ఇంతమందికి వండాలి, పైసలెక్కడివి టీచర్?" ఆ కష్టం అబద్ధం కాదు. అయినా పైసల కంటే ముందు రెండు సంగతులు చూడమంటాను. ఉన్న డబ్బుతో ఏం కొంటున్నాం? వండినదాంట్లో చిన్నపిల్లల గిన్నెలోకి ఏం వెళ్తోంది? కింద రాసినవన్నీ ఇళ్లకు వెళ్లినప్పుడు నేను తరచూ వినే మాటలే.

అపోహ: పప్పుచారుతో అన్నం తింటే పప్పు తిన్నట్టే.

పెద్ద కుటుంబాల్లో పిల్లల బరువును ఎక్కువగా దెబ్బతీసేది ఇదే అని నా నమ్మకం. లెక్క చూడండి. పావుకిలో కందిపప్పుతో పన్నెండు మందికి చారు కాస్తే మనిషికి వచ్చేది 20 గ్రాముల పప్పు. అందులో ప్రొటీన్ నాలుగు గ్రాములకు కొంచెం ఎక్కువ, అంతే. అది కూడా అందరికీ సమానంగా అందితే! గిన్నెలో పప్పు అడుక్కు దిగుతుంది, పైన నీళ్లు తేలతాయి. "పిల్లలకు కారం తగలకూడదు" అని పైనుంచి తీసి పోసేది ఆ నీళ్లనే. రెండేళ్ల పిల్ల కడుపు చాలా చిన్నది. చారన్నంతో అది నిండిపోతుంది, ఒంటికి పట్టేది మాత్రం తక్కువ.

దీనికి అదనంగా ఖర్చేమీ అక్కర్లేదు. పప్పు ఉడికి మెదిపాక, చింతపండు పులుసూ నీళ్లూ పోయకముందే, చిన్నపిల్లల కోసం తలా రెండు గరిటెల ముద్దపప్పు పక్కకు తీసి మూత పెట్టండి. మిగిలినదాన్ని మీకు కావలసినట్టు చారు చేసుకోండి. పిల్లల అన్నంలో ఆ పప్పు, ఒక చెంచా నెయ్యి కలపండి. నెయ్యి లేకపోతే వంటనూనె అయినా సరే. నూనె వేస్తే అదే ముద్దలో బలం పెరుగుతుంది. తోటకూరో పాలకూరో పప్పులోనే వేసి ఉడికిస్తే వేరే కూర వండే పని కూడా తప్పుతుంది.

ఇంకో మాట. పిల్లలందరినీ ఒకే పళ్లెం చుట్టూ కూర్చోబెట్టి తినిపించే అలవాటు చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ చురుకైన పిల్లవాడు నాలుగు ముద్దలు తినేలోపు మెల్లగా నమిలే పిల్ల ఒకటే తింటుంది. ఎవరి గిన్నె వాళ్లకు పెట్టండి. గిన్నెలో ఏం మిగిలిందో చూస్తే ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో ఆ పూటే తెలుస్తుంది.

అపోహ: గుడ్డు వేడి చేస్తుంది, ఎండాకాలం పిల్లలకు పెట్టకూడదు.

గుడ్డు ఎండాకాలమైనా చలికాలమైనా గుడ్డే. ఒక్కోదాంట్లో దాదాపు ఆరు గ్రాముల మంచి ప్రొటీన్ ఉంటుంది. ఎండాకాలంలో పిల్లలకు తగ్గకూడనివి మంచినీళ్లు, మజ్జిగ. నాటుగుడ్డులోనే బలం ఉంటుందనే మాట కూడా వింటాను. పెంకు రంగును బట్టి పోషకాలు మారవు. నాటుగుడ్డు ఒకటి కొనే డబ్బుకు ఫారం గుడ్లు రెండు వస్తుంటే ఆ రెండే కొనండి.

ఇంట్లో ఐదు గుడ్లే ఉంటే ఉల్లిగడ్డలు, టమాటాలు వేసి అందరికీ పొరటు చేస్తారు. పెద్దలకు ఇబ్బంది లేదు. కానీ చిన్నపిల్లకు అందులో దక్కేది చెంచాడే. ముందు ఆ పిల్లకు ఒక గుడ్డు ఉడకబెట్టి ఇచ్చి, మిగిలినవాటితో పొరటు చేసుకోండి.

అపోహ: బిస్కెట్లు, పౌడర్లు పెడితేనే పిల్లలకు బలం.

పొద్దున్నే చాయ్, అందులో ముంచిన బిస్కెట్. చాలా ఇళ్లల్లో మూడేళ్ల పిల్లల రోజు ఇలాగే మొదలవుతుంది. చాయ్‌లోని టానిన్లు అనే పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. బిస్కెట్‌లో ఉండేది ఎక్కువగా మైదా, చక్కెర, నూనె. ఆ తర్వాత పిల్లవాడు పది గంటలకు అన్నం వద్దంటే "వీడికి ఆకలే లేదు టీచర్" అంటారు. ఆకలి ఉంది, దాన్ని బిస్కెట్‌తో చంపేశాం.

ముగ్గురు పిల్లలకు రోజూ తలా ఒక పది రూపాయల ప్యాకెట్ కొంటే నెలకు 900 రూపాయలు. గుడ్డు ఏడు రూపాయలు అనుకున్నా, ముగ్గురికీ నెలంతా రోజుకొకటి పెడితే 630. మిగిలిన 270తో పల్లీలు, అరటిపండ్లు వస్తాయి. ఈ లెక్క సెంటర్‌లో బోర్డు మీద రాసి చూపిస్తాను. ఎక్కువగా తాతలే నిలబడి చదువుతారు, ఎందుకంటే దుకాణానికి పిల్లలను తీసుకెళ్లేది వాళ్లే.

ఇక పాలలో కలిపి ఇచ్చే డబ్బా పౌడర్ల విషయం. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' పేరు కింద పెట్టవద్దని ఆన్‌లైన్ అమ్మకం సైట్లకు చెప్పింది. మన ఆహార భద్రతా చట్టంలో ఆ పేరుకు నిర్వచనమే లేదు. ఇంట్లో చేసుకునేది దీనికంటే మేలు. మూడు గ్లాసుల రాగులు, ఒక గ్లాసు పెసరపప్పు, అర గ్లాసు పల్లీలు విడివిడిగా దోరగా వేయించి, చల్లారాక పిండి పట్టించండి. పాలలోనో నీళ్లలోనో జావ కాచి, కొద్దిగా బెల్లం వేయండి. బెల్లమైనా చక్కెరే కాబట్టి కొద్దిగా అంటున్నాను. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అంతే బరువు పాలలో ఉండేది 120 దాకా. అలాగని పాలు మాన్పించకండి. పాలు అందరికీ సరిపోని ఇంట్లో రాగిజావ చాలా ఆదుకుంటుంది.

అపోహ: సర్కారు బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారు.

నీళ్లలో కొన్ని గింజలు పైకి తేలుతున్నాయని, రంగు తేడాగా ఉందని వాటిని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మళ్లీ బియ్యపు గింజ ఆకారంలో మిషన్ మీద తీస్తారు. ఇలా పోషకాలు కలిపిన బియ్యం ఇచ్చేటప్పుడు వంద మామూలు గింజలకు ఒకటి చొప్పున ఇవి కలుపుతారు. పిల్లల్లో, ఆడవాళ్లలో రక్తహీనత తగ్గాలని చేసే పని ఇది. ఆ గింజలు పారేస్తే పోయేది అసలు మందే. బియ్యాన్ని నాలుగైదుసార్లు గట్టిగా రుద్ది కడగవద్దు, గంజి వార్చి పారబోయవద్దు. తలసేమియా లాంటి రక్తజబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి తినాలి.

అపోహ: బాలామృతం గతిలేనివాళ్ల పిండి.

అందులో ఉండేవి వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. ఏడు నెలల నుంచి మూడేళ్లలోపు పిల్లల కోసం నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తాం, దానితోపాటు 16 గుడ్లు. రోజుకు వంద గ్రాముల చొప్పున ఆ పిల్లకే పెడితే 25 రోజులు వస్తుంది. లడ్డూలు చుట్టి ఇంటిల్లిపాదీ తింటే వారంలో అయిపోతుంది. కొన్ని ఇళ్లల్లో గేదెలకు పెట్టడం కూడా చూశాను. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

అపోహ: కోడలు చివర్లో తినడం పద్ధతి.

చివర్లో తినేవాళ్లకు మిగిలేది అన్నం, పచ్చడి, అడుగంటిన చారు. ఆ కోడలు గర్భిణి అయినా, పాలిచ్చే తల్లి అయినా ఆ లోటు బిడ్డ మీద కూడా పడుతుంది. ఆరోగ్యలక్ష్మి పథకం కింద మా సెంటర్‌లో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తాం. సెంటర్‌లోనే కూర్చుని తినమంటాం. ఇంటికి పట్టుకెళ్తే అందులో ఆమెకు దక్కేది ఎంతో మాకు తెలుసు. అత్తలతో నేను చెప్పేది ఒక్కటే: అమ్మా, మీ మనవడి బరువు పెరగాలంటే మీ కోడలిని మీ పక్కనే కూర్చోబెట్టుకుని తినండి.

అపోహ: ఫోన్ ఇవ్వకపోతే వంట చేయనివ్వరు.

పదిమందికి వండే తల్లికి ఆ గంట ఎంత టెన్షనో నాకు తెలుసు. తప్పు పట్టడం లేదు. కానీ రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్, టీవీ అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పైగా ఫోన్ చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిందో లేదో తెలియదు.

మూడేళ్ల పిల్లలు ఒక పని మీద ఐదారు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు ఉంటారు. సెంటర్‌లో మేం గంటసేపు నడిపేది ఒకే ఆట కాదు, ఆరేడు చిన్న పనులు. వాటిలో ఒకటి పూర్తిగా పరుగెత్తేది కావాలి. ఉమ్మడి కుటుంబంలో ఉన్న పెద్ద లాభం, పిల్లలు ఒకరికొకరు తోడు. ఏడేళ్ల అక్క తొక్కుడుబిళ్ల గీస్తే నాలుగేళ్ల చెల్లి గెంతుతుంది. తాత దాగుడుమూతలు ఆడిస్తే అమ్మకు అరగంట దొరుకుతుంది.

అపోహ: పిల్లలు వంటింట్లోకి వస్తే పని పాడవుతుంది, బొమ్మలు కొనిస్తే సరిపోతుంది.

వంట పనిలోనే వాళ్లకు బోలెడు ఆట ఉంది. తోటకూర ఆకులు తుంచడం, చిక్కుడుకాయలు ఒలవడం, వెల్లుల్లి పాయలు విడదీయడం, టమాటాలు నీళ్లలో కడగడం, ఉల్లిగడ్డలు పెద్దవి ఒక బుట్టలో చిన్నవి ఒక బుట్టలో వేయడం. ప్రీస్కూల్‌లో మేం నేర్పే లెక్కింపు, జత చేయడం, వేళ్ల పట్టు, అన్నీ ఇందులో ఉన్నాయి. తను తుంచిన ఆకు పప్పులో పడితే పిల్ల "నా కూర" అని అడిగి తింటుంది. ఇది మా సెంటర్‌లో మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఆకుకూర ముట్టని పిల్లలకు నేను మొదట ఇచ్చే పని ఇదే.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. మూడేళ్లలోపు పిల్లల చేతికి చింతగింజలు, శనగలు, కందులు ఆడుకోవడానికి ఇవ్వవద్దు. ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు, మింగేస్తారు. పల్లీలు నాలుగైదేళ్లు వచ్చేదాకా పొడి చేసే పెట్టండి. కత్తిపీట, వేడి చారు గిన్నె, కుక్కర్ ఉన్న వైపు కాకుండా గడప ఇవతల చాప వేసి కూర్చోబెట్టండి. నీళ్ల బకెట్ ఉంటే పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి.