"సర్వహక్కులు శాశ్వతంగా": పాటలు రాసే అమ్మలకు కొన్ని అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ కోర్టులో లాయరుగా నాకు వచ్చేవి ఎక్కువగా భూమి తగాదాలే. ఈ మధ్య మాత్రం మజ్జిగౌరి అమ్మవారి మీద పాటలు రాసే ఆడవాళ్లు కూడా వస్తున్నారు. అందరిదీ ఒకటే దిగులు.

అపోహ: డబ్బు తీసుకుని సంతకం పెట్టాక పాట మీద మనకేమీ మిగలదు.

మొన్న ఒకావిడ పాలిథిన్ సంచిలోంచి నాలుగు మడతల స్టాంపు కాగితం తీశారు. అంతా ఒడియా. ఆవిడకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. "సర్వహక్కులు శాశ్వతంగా" అన్న చోట ఆగి తెలుగులో చెప్పాను. "ఇంట్లో పూజకు పాడుకున్నా కేసు వేస్తారా లాయరు గారూ?" అన్నారు. ఆ భయం పెట్టినవాళ్ల మీద నాకు ఒళ్లు మండింది.

వాస్తవం: ఇంట్లో పాడుకుంటే ఎవరూ ఏమీ చేయలేరు. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, ఆడియోగా వచ్చిన పాట రాయల్టీలో, అంటే పాట వాడకం మీద వచ్చే సొమ్ములో, హక్కులు రాయించుకున్నవారితో పాటు రచయితకు సమాన వాటా ఉంటుంది. వారసులకో, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికి ఆ వాటా రాసిచ్చినా చెల్లదు. గడువు రాయని ఒప్పందమైతే 5 ఏళ్లకే ముగుస్తుంది. ఈవిడ కాగితంలో "శాశ్వతంగా" అని ఉంది కనుక ఆ వెసులుబాటు పోయింది, వాటా పోలేదు.

అపోహ: పెద్ద కంపెనీ చేయి పడకపోతే ఆడమనిషి పాట బయటికి రాదు.

ఈ మాట విన్నప్పుడల్లా అమెరికాలోని క్యారీ జేకబ్స్ బాండ్ గురించి చెబుతాను. 1895లో భర్త పోయారు, చేతిలో కొడుకు. షికాగోలో గదులు అద్దెకిచ్చి, పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసి బతికారు. ప్రచురణకర్తలు పాటలు తిప్పి పంపితే, ఒపేరా గాయని జెస్సీ బార్ట్‌లెట్ డేవిస్ సాయంతో 1901లో 7 పాటల పుస్తకాన్ని తానే అచ్చు వేయించారు. అట్టల మీది బొమ్మలు కూడా ఆవిడవే. ఊరూరా కచేరీలు చేసి పాటలను జనానికి వినిపించారు. 1910లో వచ్చిన 'ఎ పర్ఫెక్ట్ డే' లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అదృష్టమని తేల్చేసేవాళ్లు ఆ పదిహేనేళ్లు లెక్కపెట్టరు. ప్రచురణ సంస్థ సొంతం కాబట్టి లాభమూ ఇంటికే చేరింది.

పాటకు కాపీరైటు రిజిస్ట్రేషన్ తప్పనిసరా? కాదు, కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. తన పాట తనకే పోస్టులో పంపుకుంటే హక్కు వస్తుందా? తపాలా ఖర్చు దండగ.

అంతా విని ఆవిడ మళ్లీ సంచిలో చేయి పెట్టారు. ఇంకో స్టాంపు కాగితం. "రెండో పాటకు ఇచ్చారు, రేపు సంతకం పెట్టాలి" అన్నారు. నా పెన్ను మూత తీశాను, గడువు దగ్గర కొట్టివేయడానికి.