మందు మానే వైద్యం: పేదింటి గడప దగ్గరే ఆపేస్తున్న అపోహలు, అసలు వాస్తవాలు

2019లో కేంద్రం బయటపెట్టిన ఎయిమ్స్ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నది 180 మందిలో ఒక్కరు. ఇది కేవలం మందులు లేక వచ్చిన లెక్క కాదు. ఉచిత వైద్యం ఉందని తెలియకపోవడం, తెలిసినా తప్పుడు మాటలు విని వెనక్కి తగ్గడం దీనికి పెద్ద కారణాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లో తాగుడు మాన్పించే పని చేసేవాళ్లకు రోజూ వినిపించే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: ఆరోగ్యశ్రీ కార్డు లేకపోతే చేర్చుకోరు, ఉంటే ఏ రీహాబ్‌లోనైనా (వ్యసన విముక్తి కేంద్రంలోనైనా) ఉచితం

రెండూ తప్పే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా జబ్బుగానే లెక్కిస్తుంది. ఆ చట్టం 18వ సెక్షన్ ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, నిరాశ్రయులకు ప్రభుత్వ మానసిక వైద్య కేంద్రాల్లో చికిత్స పూర్తిగా ఉచితం. బీపీఎల్ కార్డు చేతిలో ఉన్నా లేకపోయినా సరే అని చట్టంలోనే రాసి ఉంది. కౌంటర్‌లో కార్డు లేదని తిప్పి పంపితే ఈ సెక్షన్ పేరు చెప్పి సూపరింటెండెంట్‌ను కలవండి. ఉచిత న్యాయసహాయం కావాలంటే 15100కు ఫోన్ చేయవచ్చు.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, ఆయుష్మాన్ భారత్ కార్డులు ప్యాకేజీల లెక్కన నడుస్తాయి. జాబితాలో ఉన్న జబ్బుతో ఆసుపత్రిలో చేరితే వాటికి పని పడుతుంది. క్లోమం వాచినా, లివర్ పాడై రక్తం కక్కుకున్నా ముందు ఆరోగ్యమిత్ర డెస్క్‌లో అడగండి. కార్డు చూపించి ప్రైవేటు రీహాబ్‌లో మూడు నెలలు ఉంచుదామంటే మాత్రం కుదరదు.

డబ్బు లేనివాళ్లకు దారులు ఇవి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఉదయమే ఓపీ చీటీ రాయించుకుని సైకియాట్రీ విభాగానికి వెళ్లడం ఒకటి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల రెండోది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు మూడోది. అక్కడ ఉండడం, తిండి, మందులు ఉచితం. మీకు దగ్గర్లో ఏది ఉందో తెలియాలంటే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు, లేదా రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు పట్టుకెళ్లండి. వాటికంటే ముఖ్యమైనది ఒక కాగితం. రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఎన్నింటికి తాగారు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, షుగర్, టీబీ మందులు వాడుతున్నారా అన్నది దానిమీద రాయండి. డాక్టర్ మొదట అడిగేవి ఇవే. కంగారులో ఇంటివాళ్లు మరిచిపోయేవి కూడా ఇవే.

అపోహ: గదిలో పెట్టి తాళం వేస్తే నాలుగు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రాణాలు పోయేది ఇక్కడే.

ఏళ్ల తరబడి రోజూ తాగిన మెదడు ఆ మత్తుకు సర్దుకుపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే అదుపు తప్పి పరుగులు పెడుతుంది. మొదటి రోజే చేతులు వణుకుతాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికిపోతుంది. చెమటలు, వాంతులు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. చివరి గుక్క తాగిన 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజులకు కొందరికి మతి తప్పుతుంది. దుప్పటి పీకుతుంటారు, గోడమీద చీమలు పాకుతున్నాయంటారు, కన్నకూతుర్ని గుర్తుపట్టరు, ఒళ్లు కాలిపోతుంటుంది. ఊళ్లో దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తారు. ఇది డెలీరియం ట్రెమెన్స్. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. ఈ దశలో 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి తీసుకెళ్లాలి, మరుసటి రోజు ఓపీ కోసం ఆగకూడదు.

ఆసుపత్రిలో చేసేది అంత పెద్ద ఖర్చుతో కూడినది కాదు. డయాజెపామ్, లొరాజెపామ్ లాంటి మందును తగినంత ఇచ్చి, వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తారు. లివర్ పాడైనవాళ్లకు లొరాజెపామ్ వైపు మొగ్గుతారు. ఈ బిళ్లలు మెడికల్ షాపులో కొని ఇంట్లో సొంతంగా వేయవద్దు. మోతాదు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. అవే ఇంకో అలవాటుగానూ మారతాయి.

ఇంకో పొరపాటు ఊరి ఆర్‌ఎంపీ దగ్గర జరుగుతుంది. నీరసంగా ఉన్నాడని నేరుగా గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. తిండి మానేసి తాగినవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి ఆ మిగిలిన కాస్తా ఖర్చయిపోతే మెదడు దెబ్బతింటుంది. కళ్లు అటూ ఇటూ ఊగుతాయి, నడక తూలుతుంది, కొందరికి జ్ఞాపకశక్తి మళ్లీ తిరిగి రాదు. అందుకే బాటిల్ పెట్టేముందే థయమిన్ ఇంజెక్షన్ పడాలి. బాటిల్ పెడుతున్నవారిని "బీ1 ఇచ్చారా?" అని అడగండి. అడిగినందుకు కోప్పడినా పర్వాలేదు.

అపోహ: కల్లు చెట్టు నుంచి వచ్చేది, దానికి వైద్యం ఎందుకు

చెట్టు కల్లు వేరు, దుకాణాల్లో అమ్మే డిపో కల్లు వేరు. తెలంగాణలో కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలం కలుపుతున్నట్టు ఎన్నోసార్లు పట్టుబడింది. అది తాగే ఆడవాళ్లు, మగవాళ్లు తమకు తెలియకుండానే నిద్రమాత్రలకు బానిసలవుతారు. దుకాణం మూతపడ్డ రెండో రోజు నుంచి నాలుక మెలిపడడం, వింతగా ప్రవర్తించడం, ఫిట్స్ మొదలయ్యేది అందుకే. ఆసుపత్రిలో "కల్లు తాగుతాను" అని మాత్రమే కాక ఏ రకం, రోజుకు ఎన్ని సీసాలు అని కూడా చెప్పండి. ఇందులో ఆసుపత్రి ఇచ్చే బిళ్లలు తగ్గించడానికి వారం చాలకపోవచ్చు, కొందరికి చాలా వారాలు పడుతుంది.

అపోహ: సాంబారులో పొడి కలిపేస్తే తెలియకుండానే మానేస్తాడు

చాలా ప్రమాదం. ఇలా రహస్యంగా కలిపేవాటిలో, తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ ఒకటి. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉంటే చనిపోవచ్చు. మనిషికి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాకే దీన్ని ఇస్తారు. చివరి గుక్క తాగి కనీసం 12 గంటలు కావాలి. ఈ బిళ్ల ఆపేసిన 14 రోజుల వరకూ ప్రభావం ఉండొచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు మందు కూడా తాగకూడదు. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి, రెండూ కలిస్తే మతి చలించవచ్చు. ఏముందో రాయని పొట్లాలు మాత్రం ఎవరు ఇచ్చినా వద్దు.

అపోహ: గంజాయి అని చెబితే డాక్టరే పోలీసులకు పట్టిస్తాడు

రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. మత్తుపదార్థాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. వాడకం కేసులోగానీ, కొద్ది మోతాదు కేసులోగానీ ఉన్న బానిస తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మకం కేసులకు ఇది వర్తించదు.

అపోహ: ఇంటివాళ్లం సంతకం పెడితే ఆరు నెలలు లోపల పెట్టేయొచ్చు

ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే ఒక సైకియాట్రిస్టు, మరో వైద్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి. అలా చేర్చుకున్నా మొదట 30 రోజుల వరకే. గొలుసులతో కట్టడం, బలవంతంగా గుండు కొట్టించడం చట్టం ఒప్పుకోదు. ప్రైవేటు కేంద్రానికి అడ్వాన్స్ కట్టేముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ చూపించమనండి. సైకియాట్రిస్టు వారంలో ఎన్నిసార్లు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఎక్కడికి తీసుకెళ్తారు, ఇంటివాళ్లను ఎప్పుడు కలవనిస్తారు అని అడగండి. నెలరోజులు చూడనివ్వం అనే చోట చేర్చకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

అపోహ: డిశ్చార్జ్ అయ్యాడంటే నయమైపోయింది, మళ్లీ తాగితే డబ్బు వృథా

ఆ పది రోజుల్లో తగ్గేది వణుకు మాత్రమే, కోరిక అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు నెలల తరబడి వాడాలి. మొదటిదానికి లివర్ పరీక్ష, రెండోదానికి కిడ్నీ పరీక్ష ముందే చేస్తారు. నాల్ట్రెక్సోన్ వాడుతూ నడుంనొప్పికి ట్రమడాల్ వేసుకుంటే నొప్పి తగ్గదు. ట్రమడాల్‌కు ముందే అలవాటుపడ్డవాళ్లకైతే విపరీతమైన బాధ మొదలవుతుంది. షాపులో నాల్ట్రెక్సోన్ రాసిన చీటీ చూపించే నొప్పిమాత్ర అడగండి.

మళ్లీ తాగితే తిట్టి ఇంట్లో కూర్చోబెట్టవద్దు. అదే ఓపీ చీటీ పట్టుకుని వారంలోపు వెళ్లండి. బిళ్లలు అయిపోవడానికి మూడు రోజుల ముందే తదుపరి ఓపీ తేదీ పెట్టుకోండి. కూలి పోతుందని ఆ రోజు వాయిదా వేస్తే బిళ్లలు వాడడం మధ్యలో ఆగిపోతుంది. మనిషి స్థిరంగా ఉంటే నెలకు సరిపడా ఒకేసారి రాసివ్వమని డాక్టర్‌ను అడగవచ్చు.